మెట్టు మెట్టుకీ ఓ లెక్క

ఇల్లు కట్టేటప్పుడు అందరికీ ఆఖరున గుర్తొచ్చేవి మెట్లే. గోడలు లేచాయి, స్లాబు పడింది, రంగులయ్యాయి, గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టేశారు. అప్పుడు చూసుకుంటే వాకిట్లోంచి వరండాలోకి ఎక్కడానికి దారి ఉండదు. మేస్త్రీని పిలిచి 'ఓ మూడు మెట్లు కట్టెయ్' అంటాం. ఆయన మిగిలిన ఇటుకలూ మిగిలిన ఇసుకా పోగుచేసి, పునాది గినాది లేకుండానే ఒక్క పూటలో కట్టేసి వెళ్లిపోతాడు.

ఆ తర్వాత ఇంట్లో అందరికన్నా ఎక్కువ చాకిరీ చేసేవి ఆ మెట్లే. పొద్దున్నే పాల ప్యాకెట్టూ పేపరూ పడేది అక్కడే. పిల్లలు బూట్ల లేసులు కట్టుకునేది అక్కడే. నాన్నమ్మ చిక్కుడుకాయలు ఒలిచేదీ, కరెంటు పోయిన రాత్రి ఇరుగమ్మా పొరుగమ్మా కూర్చుని కబుర్లు చెప్పుకునేదీ అక్కడే. గ్యాస్ సిలిండరు ఎక్కేదీ, బియ్యం బస్తా దిగేదీ ఆ మెట్ల మీదుగానే. ఎండా వానా రెండూ నేరుగా నెత్తిన పడతాయి. ఇంత చేస్తున్నా ఇంటికి రంగులు వేయించేటప్పుడు మాత్రం వాటి ఊసే ఎత్తం!

అంచు విరిగితే 'తర్వాత చూద్దాంలే' అనుకుంటాం. పాకుడు పడితే 'జాగ్రత్తగా దిగు' అని ఓ మాట అనేసి ఊరుకుంటాం. ఆ 'తర్వాత' వచ్చేలోపే ఇంట్లో పెద్దవాళ్లెవరో కాలు జారి పడితే పరిస్థితి ఏంటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా దాదాపు 6,84,000 మంది ప్రాణాలు కోల్పోతున్నారు. వారిలో అరవై దాటినవాళ్లే ఎక్కువ. ప్రాణం దక్కినా తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, నెలల తరబడి మంచం, ఇంటిల్లిపాదికీ అవస్థ. దానితో పోలిస్తే మెట్లు బాగుచేయించడానికి అయ్యే ఖర్చెంత? నాలుగు రోజుల పని, కొంచెం సిమెంటు, కాస్త శ్రద్ధ.

ముందు రోగమేంటో చూడండి

మెట్లు పాడయ్యాయనగానే చాలామంది చేసే పని... పైన మరో పూత సిమెంటు వేయించడం. లేదంటే ఏకంగా టైల్స్ పరిచేయడం. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ పూత పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. టైల్స్ ఒక్కోటీ కదలడం మొదలుపెడతాయి. లోపలి జబ్బు అలాగే ఉంటే పైన ఎంత మేకప్ వేసినా నిలవదు.

అందుకే ముందు మెట్ల ముందు ఓ పది నిమిషాలు కూర్చుని పరీక్షగా చూడండి. పగుళ్లు ఎక్కడున్నాయన్న దాన్నిబట్టే సగం సంగతి తెలిసిపోతుంది. పైపైన వెంట్రుకవాసి గీతలు సాలెగూడులా అల్లుకుని ఉంటే, కట్టినప్పుడు సరిగా నీళ్లు కొట్టలేదని అర్థం. చూడ్డానికి బాగోదేమోగానీ పెద్ద ప్రమాదం లేదు. అంచులు మాత్రమే విరిగి ఉంటే అది వాడకం వల్ల వచ్చిన అరుగుదల. ఇంటి గోడకూ మెట్లకూ మధ్య నిలువునా చీలిక వస్తే మాత్రం మెట్లు కిందికి కుంగుతున్నాయన్న మాట. మెట్టు మధ్యలో అడ్డంగా పగిలి ఒకవైపు ఒరిగిందంటే కింద మట్టి జారిపోయి ఖాళీ ఏర్పడి ఉంటుంది.

ఆ ఖాళీ ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. చిన్న సుత్తితో గానీ, రూపాయి బిళ్లతో గానీ మెట్టంతా తట్టుతూ రండి. గట్టిగా ఉన్నచోట 'టక్‌టక్' మంటుంది. బోలుగా ఉన్నచోట కుండను తట్టినట్టు వినిపిస్తుంది. అలా మోగినచోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. మేస్త్రీ వచ్చాక చూపించడానికి పనికొస్తుంది. మెట్ల పక్కన బొరియలున్నాయేమో కూడా చూడండి. పందికొక్కులు తవ్వి తవ్వి కింద మట్టినంతా బయటికి లాగేస్తాయి. ఆ తర్వాత అదే బొరియలో పాములు చేరే ప్రమాదమూ ఉంది. ముందు లోపల ఏమీ లేవని నిర్ధారించుకుని, ఆపైన కంకర, కాంక్రీటుతో గట్టిగా నింపించాలి.

అసలు శత్రువు నీరే

మెట్ల జబ్బుల్లో చాలావాటికి మూలం నీళ్లు. వానొచ్చినప్పుడు పడే నీళ్లకన్నా రోజూ బొట్టు బొట్టుగా కారే నీళ్లే ఎక్కువ చేటు చేస్తాయి. ఒక్కసారి తలెత్తి పైకి చూడండి. సన్‌షేడ్ నుంచి కారే నీళ్లు సరిగ్గా ఏ మెట్టు మీద పడుతున్నాయి? ఏసీ గొట్టం ఎక్కడికి వదిలారు? ట్యాంకు నిండి పొర్లినప్పుడు ఆ ధార ఎటు వస్తోంది? పూలకుండీ కింద నుంచి కారే తడి సంగతేంటి? వీటిలో ఏదో ఒకటి మీ మెట్ల మీదికే వస్తుంటుంది. ముందు దాన్ని మళ్లించండి. ఏసీ గొట్టానికి నాలుగడుగుల పైపు తగిలిస్తే చాలు. సన్‌షేడ్ కింది అంచున నీటిబొట్టు గోడదాకా పాకకుండా చిన్న గాడి తీయించాలి.

రెండోది, మెట్టు వాలు. మెట్టు పైభాగం పళ్లెంలా చదునుగా ఉంటే నీళ్లు అక్కడే నిలుస్తాయి. లోపలివైపు వాలి ఉంటే ఇంకా అన్యాయం. ఆ నీళ్లు మూలలోంచి లోపలికి దిగి మట్టిని నానబెడతాయి. మెట్టు ముందువైపుకు కొద్దిగా వాలి ఉండాలి. అడుగు వెడల్పుకు పావు అంగుళం చాలు. కాలికి తెలియదు, నీటికి మాత్రం తెలుస్తుంది. బోలెడు ఖర్చుపెట్టి టైల్స్ వేయించేటప్పుడు కూడా ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే, మేస్త్రీ మట్టపుకర్ర పెట్టి మరీ చదునుగా పరిచేస్తాడు.

పగుళ్లలో రావిమొక్కో వేపమొక్కో మొలిస్తే చిన్నగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసేయండి. 'చెట్టును పీకితే పాపం' అనిపిస్తే తీసుకెళ్లి ఖాళీ స్థలంలో నాటండి. పాపమూ ఉండదు, మెట్లూ మిగులుతాయి. బలిసిపోయిన మొక్కను బలవంతంగా లాగితే మాత్రం మెట్టు కూడా దాంతోపాటే లేచొస్తుంది. మేస్త్రీ ఉన్నప్పుడే ఆ భాగం విప్పి తీయించాలి.

పాకుడు పడితే...

నీడ, తడి కలిసినచోట పాకుడు పడుతుంది. ఎండ తగలని ఉత్తరంవైపు మెట్లకూ, చెట్టు కింద మెట్లకూ ఈ బెడద ఎక్కువ. పైకి పచ్చగా కనిపిస్తే జాగ్రత్తపడతాం. ఎండిపోయి నల్లగా మారిన పాకుడే మోసం చేస్తుంది. నాలుగు చినుకులు పడగానే మళ్లీ జిగురెక్కుతుంది.

సగం బకెట్ నీళ్లలో ఓ టీ గ్లాసెడు బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరుకున్నాక ఆ నీటిని మెట్ల మీద పోయండి. పావుగంట ఆగి గట్టి బ్రష్షుతో రుద్ది, నీళ్లతో శుభ్రంగా కడిగేయాలి. చేతులకు గ్లౌజులు, కాళ్లకు చెప్పులు తప్పనిసరి. ఆ నీళ్లు మొక్కల పాదుల్లోకి వెళ్లకుండా చూసుకోండి. వానాకాలం మొదలయ్యే ముందొకసారి, మధ్యలో మరోసారి ఇలా చేస్తే చాలావరకు అదుపులో ఉంటుంది.

చాలా ఇళ్లలో పాకుడు అనగానే బాత్‌రూం యాసిడ్ సీసా తీస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తాండూరు బండ, షాబాదు బండ, బేతంచెర్ల రాయి, కడప బండ... ఇవన్నీ సున్నపురాయి జాతివి. పాలరాయీ అంతే. యాసిడ్ పడగానే బుసబుస పొంగి రాయే కరిగిపోతుంది. నల్లగా నిగనిగలాడే కడప బండ తెల్లగా పాలిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. గ్రానైటు కాస్త తట్టుకుంటుంది కానీ దాని అతుకుల్లోని సిమెంటు తట్టుకోదు. అన్నిటికన్నా ముఖ్యం... బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ రెండూ ఎప్పుడూ కలపకూడదు. ఒకదాని తర్వాత ఒకటి పోయడం కూడా వద్దు. క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులకే ముప్పు తెస్తుంది.

కార్తీకంలో మెట్ల మీద వరసగా దీపాలు పెడతాం. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ప్రమిదల్లోంచి కారిన నూనె రాయిలోకి ఇంకి, మర్నాడు పొద్దున్నే కాలు జారేలా చేస్తుంది. ప్రమిద కింద ఓ ఆకో చిన్న పళ్లెమో పెడితే సరి. నూనె మరకలు పడితే వెంటనే పొడి ముగ్గుపిండి చల్లి, పీల్చుకున్నాక ఊడ్చేసి, సబ్బునీళ్లతో రుద్దండి. ఎనామిల్ పెయింటుతో శాశ్వతంగా వేసే ముగ్గులు కూడా తడిసినప్పుడు జారతాయి. అడుగు పడేచోట వదిలేసి పక్కన వేసుకుంటే ముగ్గు అందమూ చెరగదు.

అంచు విరిగితే అతికించడం ఇలా

విరిగినచోట సిమెంటు మెత్తి చేత్తో నున్నగా రాసేస్తే అది వారం పది రోజులకు మించి నిలవదు. పాత సిమెంటుకూ కొత్త సిమెంటుకూ అంత తేలిగ్గా పొత్తు కుదరదు మరి. దానికో పద్ధతి ఉంది.

ముందుగా వదులుగా ఉన్న ముక్కలన్నిటినీ సుత్తి, ఉలితో తీసేయాలి. గట్టి భాగం తగిలేదాకా కొట్టాలి. కనీసం ఓ అంగుళం లోతైనా ఉండేలా చూసుకోవాలి. పలుచని పొర అయితే ఎప్పటికైనా ఊడేదే. గుంట లోపలివైపు వెడల్పుగా, పైన కాస్త ఇరుకుగా చెక్కితే కొత్త ముక్క పళ్లచిగురులో పన్నులా బిగుసుకుంటుంది. దుమ్ము లేకుండా బ్రష్షుతో ఊడ్చి, నీళ్లతో కడగాలి. ముందురోజు రాత్రి తడిపి ఉంచితే మరీ మంచిది. పొడిగా ఉన్న పాత సిమెంటు, కొత్తదానిలోని నీళ్లను గుటుక్కున తాగేస్తుంది.

పనిచేసే సమయానికి తడి ఉండాలి, నీళ్లు మాత్రం నిలిచి ఉండకూడదు. అప్పుడు చిక్కటి సిమెంటు పాలు పూయాలి. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే బాండింగ్ ద్రవం ఇందులో కలిపితే పట్టు ఇంకా బాగుంటుంది. ఎంత కలపాలన్నది డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ పాలు ఆరిపోకముందే ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక కలిపిన మాలు కూరాలి. లోతు ఎక్కువైతే బేబీ చిప్స్ కూడా కలుపుకోవచ్చు. అంచు నిటారుగా రావడానికి మెట్టు ముందు ఓ చెక్కను ఆనించి, రెండు ఇటుకలతో ఎగదోసి పెడితే చాలు. ఆ చెక్కకు ముందే కాస్త నూనె రాస్తే అతుక్కోకుండా వస్తుంది.

పైభాగాన్ని మరీ నున్నగా తోమించకండి. మాలు సగం గట్టిపడ్డాక కొబ్బరిపీచు చీపురుతో ఒక్కసారి అడ్డంగా గీస్తే సన్నటి చారలు పడతాయి. వానలోనూ కాలికి పట్టు దొరుకుతుంది. అంచును కత్తిలా వదిలేయకుండా కాస్త గుండ్రంగా తిప్పమనండి. పదునైన అంచే త్వరగా విరుగుతుంది. పిల్లలు పడ్డప్పుడు దెబ్బ కూడా దానివల్లే ఎక్కువ తగులుతుంది.

ఇంటికీ మెట్లకూ ఎడం వస్తే

ఈ చీలిక నల్లరేగడి నేలల్లో మరీ ఎక్కువ. ఆ మట్టి వానాకాలంలో నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఎండాకాలంలో కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఇల్లు లోతైన పునాది మీద నిలబడి ఉంటుంది కాబట్టి కదలదు. మెట్లు పైమట్టి మీదే కూర్చుని ఉంటాయి కాబట్టి ఏటా ఓసారి లేచి ఓసారి కుంగుతాయి. వేరే నేలల్లోనైనా, ఇంటి పునాది తవ్వి పూడ్చిన వదులు మట్టి మీదే మెట్లు కట్టడం మామూలు. అది అణిగేకొద్దీ మెట్లు ఇంటికి దూరం జరుగుతాయి.

చీలిక కనబడగానే సిమెంటు కూరేయకండి. మరుసటి ఏడాది పక్కనే ఇంకోటి వస్తుంది. ముందు ఆ చీలికకు అటూ ఇటూ పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, మధ్య దూరం కొలిచి, తేదీ వేసి ఉంచండి. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ కొలవండి. దూరం మారకపోతే కుంగడం ఆగినట్టే. అప్పుడు చీలికను శుభ్రం చేసి, సాగే గుణమున్న సీలెంటుతో నింపితే నీళ్లు దిగకుండా ఉంటుంది. సిమెంటులా బిగుసుకుపోదు కాబట్టి కొద్దిపాటి కదలికను ఓర్చుకుంటుంది.

దూరం పెరుగుతూ ఉంటే, లేదా మెట్లు ఓవైపు ఒరుగుతుంటే... పాతవి తీసేసి మళ్లీ కట్టుకోవడమే మేలు. ఈసారి గట్టి నేల తగిలేదాకా తవ్వించండి. నల్లమట్టి అయితే దాన్ని తీసేసి గ్రావెల్ నింపి, ఆరంగుళాలకో పొర చొప్పున నీళ్లు చల్లుతూ దిమ్మిస కొట్టించాలి. దానిపైన నాలుగైదు అంగుళాల కాంక్రీటు బెడ్ వేసి, అప్పుడు మెట్లు లేపాలి. ఇంటి గోడకు, మెట్లకు మధ్య అరంగుళం థర్మాకోల్ షీటు పెట్టి, పైన సీలెంటు వేయిస్తే రెండూ వేటికవే కదులుతాయి. ఒకదాన్నొకటి లాగవు.

ఒక్క అంగుళం తేడా చాలు, పడిపోవడానికి!

మెట్లు ఎక్కేటప్పుడు మనం కిందికి చూసేది మొదటి మెట్టు వరకే. ఆ తర్వాత కాలు దానంతటదే లెక్కేసుకుంటుంది. మొదటి మెట్టు ఆరంగుళాలుంటే రెండోదీ ఆరే అనుకుని లేస్తుంది. అక్కడ ఏడుంటే బొటనవేలు తగిలి తూలిపడతాం. దిగేటప్పుడైతే మరీ ప్రమాదం. అందుకే మెట్లు కాస్త ఎత్తయినా ఫర్వాలేదు కానీ, ఎత్తులో తేడా మాత్రం ఉండకూడదు.

తేడా ఎక్కడినుంచి వస్తుంది? కట్టినప్పుడు సరిగ్గానే ఉంటుంది. తర్వాత వరండాలో పాత గచ్చు మీదే గ్రానైటు వేయిస్తాం. ఆఖరి మెట్టు ఎత్తు అంగుళంన్నర పెరుగుతుంది. వాకిట్లో టైల్స్ పరుస్తాం. మొదటి మెట్టు అంగుళం తగ్గుతుంది. వీధిలో పాత రోడ్డు తవ్వకుండానే దానిమీద కొత్త రోడ్డు వేస్తారు. గేటు బయటి మెట్టు సగం అందులో కలిసిపోతుంది. ఇలా ఎవరికి వారు తలా ఒక చేయి వేసి, పదేళ్లలో మూడు మెట్లకు మూడు రకాల ఎత్తులు తెచ్చిపెడతారు!

మనవాళ్లకు మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్న నమ్మకం ఉంది. కుడికాలుతో మొదలుపెడితే కుడికాలుతోనే ఇంట్లోకి అడుగుపెట్టాలని పెద్దలు చెబుతారు. ఆ నమ్మకంతో పేచీ లేదు. నాలుగు వస్తున్నాయని చెప్పి, ఐదోది రావడానికి అడుగున మూడంగుళాల బండ ఒకటి అతికించడంతోనే ఇబ్బంది. చీకట్లో కాలికి తగిలేది ఆ బండే. బేసి కావాలంటే మొత్తం ఎత్తును సమానంగా పంచుకోవాలి.

ఉదాహరణకు వాకిలి నుంచి వరండా గచ్చు దాకా ఎత్తు 25 అంగుళాలు ఉందనుకుందాం. వరండా గచ్చును ఆఖరి మెట్టుగా లెక్కేస్తే... మూడు మెట్లయితే ఒక్కోటీ 8 అంగుళాలకు పైనే వస్తుంది. అది ఎక్కువ. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్లలోపలి మెట్లకే ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటకూడదని చెబుతోంది. కాలు పెట్టే చోటు కనీసం 250 మిల్లీమీటర్లు, అంటే దాదాపు పది అంగుళాలు ఉండాలంటోంది. నాలుగు చేస్తే ఒక్కోటీ ఆరుంబావు. హాయిగా ఎక్కొచ్చు. ఐదు చేస్తే సరిగ్గా ఐదేసి అంగుళాలు. బేసీ కుదిరింది, పెద్దవాళ్లకూ సులువు. కాకపోతే ముందుకు స్థలం ఎక్కువ పడుతుంది.

ఎత్తు తగ్గేకొద్దీ వెడల్పు పెంచాలి. దీనికో పాత సూత్రం ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన బ్లోండెల్ అనే వాస్తుశిల్పి చెప్పాడు. మెట్టు ఎత్తును రెండింతలు చేసి, దానికి వెడల్పు కలిపితే మనిషి ఒక అడుగు వేసే దూరానికి సరిపోవాలన్నది ఆయన లెక్క. మన కొలతల్లో చెప్పాలంటే 24, 25 అంగుళాలు రావాలి. ఆరంగుళాల ఎత్తుంటే పన్నెండు అంగుళాల వెడల్పు, ఐదంగుళాలైతే పద్నాలుగు అన్నమాట. ఐదు మెట్లకు చివరిది గచ్చే కాబట్టి, మిగతా నాలుగింటికి 56 అంగుళాలు, అంటే నాలుగున్నర అడుగులకు పైచిలుకు జాగా కావాలి. నాలుగు మెట్లయితే మూడడుగులతో సరిపెట్టుకోవచ్చు. గేటుకూ మెట్లకూ మధ్య బండి తిరగాలంటే ఈ లెక్క ముందే చూసుకోవాలి. గేటు బయట మున్సిపల్ కాలువ మీదికి పక్కాగా మెట్లు కట్టేస్తే కాలువ తీయడం కష్టమవుతుంది. అధికారులు పగలగొట్టేస్తే మన ఖర్చు వృథా. అక్కడ ఎత్తి పెట్టుకునేలా బండలు వేసుకోవడమే నయం.

నిగనిగలాడితే జారుతుంది

పాలిష్ పట్టిన గ్రానైటు, నున్నటి టైల్స్ ఇంటి లోపలికి బాగుంటాయి. బయట మెట్లకు వేస్తే తడికాలికి గండమే. కొత్తగా వేయించేవాళ్లు గరుకు ఉపరితలం ఉన్న రాయిని, పార్కింగ్ టైల్స్ లాంటివాటిని ఎంచుకోవాలి. ఇప్పటికే పాలిష్ గ్రానైటు ఉంటే తీసేయనక్కర్లేదు. ముందు అంచుకు రెండంగుళాల లోపు మూడు సన్నటి గాడులు మిషన్‌తో తీయించవచ్చు. అదీ కుదరకపోతే గరుకు టేపులు అతికించుకోవచ్చు. అంచులు లేచిపోగానే మార్చడం మరిచిపోకూడదు. లేచిన టేపే కాలికి అడ్డం పడుతుంది.

పాతకాలపు రాతి మెట్లున్న ఇళ్లలో బండలు అరిగి అరిగి అద్దంలా తయారవుతాయి. వాటిని మార్చే పనిలేదు. రోలుకు గంట్లు పెట్టించినట్టే, కొన్నిచోట్ల దాన్నే కక్కు కొట్టడం అంటారు, ఉలితో పైపైన గాట్లు పెట్టిస్తే మరో తరం వాడుకోవచ్చు. రాయి కదులుతుంటే ఎత్తి, కింద ఇసుక సర్ది, సిమెంటు మాలు మీద కూర్చోబెడితే సరిపోతుంది. వందేళ్ల బండను తీసి పారేసి ఆరేళ్ల టైల్ వేయించుకోవడం తెలివైన పనేనా? ఆలోచించండి.

డాబా మెట్లు, ఇనుప మెట్లు

ఇంటి పక్కగా డాబా మీదికి వెళ్లే కాంక్రీటు మెట్లను పైనుంచి కాదు, కిందనుంచి చూడాలి. అడుగున పెచ్చులూడి తుప్పుపట్టిన చువ్వలు కనిపిస్తుంటే ఆలస్యం చేయొద్దు. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి చుట్టూ ఉన్న కాంక్రీటు పగిలి రాలుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి వల్ల ఇది మరీ త్వరగా వస్తుంది. పైన ప్లాస్టరింగ్ చేసి దాచేస్తే లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది. వదులు కాంక్రీటంతా రాల్చి, చువ్వల్ని వైరు బ్రష్షుతో తోమి, తుప్పు నిరోధక పూత పూసి, ఆ తర్వాతే కొత్త మాలు వేయాలి. చువ్వ బాగా సన్నబడిపోయి ఉంటే ఇది మేస్త్రీ చేసే పని కాదు. స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాల్సిందే.

ఇనుప మెట్లయితే ఏడాదికోసారి అతుకుల దగ్గర చూడండి. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక పూత, ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేయిస్తే ఏళ్లపాటు నిలుస్తాయి. ఒక జాగ్రత్త. గృహావసరాల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువ ఉండే అవకాశముంది. పాత రంగు గీకేటప్పుడు తడిపి గీకండి. ఆ దరిదాపుల్లోకి పిల్లల్ని రానీయకండి. రాలిన పొట్టును మూటగట్టి పారేయండి.

పెద్దవాళ్లున్న ఇల్లయితే...

మూడే మెట్లు కదా, రెయిలింగ్ ఎందుకు అనుకుంటాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ మూడే మూడు కొండలు. వాళ్లు ఎక్కేటప్పుడు గమనించండి. గోడను తడుముకుంటూనో, పూలకుండీని పట్టుకునో ఎక్కుతుంటారు. నోరు తెరిచి అడగరు. 'నా ఒక్కదాని కోసం ఖర్చెందుకురా' అనేస్తారు. అందుకే వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. గుప్పిట్లో ఇమిడేలా అంగుళంన్నర, రెండంగుళాల గుండ్రటి పైపును దాదాపు మూడడుగుల ఎత్తులో, వీలైతే రెండువైపులా బిగించండి. చివరి మెట్టు దాటాక కూడా అది కాస్త ముందుకు ఉండాలి. పసిపిల్లలున్న ఇళ్లలో నిలువు కమ్మీల మధ్య సందు నాలుగంగుళాలు మించకూడదు.

ప్రతి మెట్టు అంచునా పసుపో తెలుపో రెండంగుళాల పట్టీ వేస్తే, చూపు మందగించినవాళ్లకు ఎక్కడ మెట్టు మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. నల్ల గ్రానైటు మెట్లకు ఇది మరీ అవసరం. మెట్ల మీద నీడ పడకుండా పక్కనుంచి వెలుగు వచ్చేలా ఓ ఎల్ఈడీ బల్బు పెట్టండి. దాని స్విచ్ ఇంటి లోపలే కాకుండా గేటు దగ్గర కూడా ఉంటే మంచిది. చెప్పులు విడిచేది మాత్రం మెట్ల మీద కాదు. పక్కన చిన్న స్టాండు పెట్టుకుంటే మెట్లు ఖాళీగా ఉంటాయి.

ఇక ర్యాంపు. స్కూటరు ఎక్కించడానికి మెట్ల మధ్యలో కట్టే నిటారు ర్యాంపు చక్రాల కుర్చీకి పనికిరాదు. నియమావళి ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. 25 అంగుళాల వరండాకు పాతికడుగులన్నమాట. అంత స్థలం చాలా ఇళ్లలో ఉండదు. పక్కగోడ వెంబడి మలుపు తిప్పి కట్టించుకోవచ్చేమో చూసుకోవాలి.

మేస్త్రీని పిలిచే ముందు

* ఈ పనులకు కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. వానల బెడద తగ్గుతుంది, ఎండ తీవ్రత ఉండదు. నడి వేసవిలో తప్పకపోతే సాయంత్రం వేళ పని పెట్టుకుని, తడి గోనెసంచులు కప్పి ఉంచాలి.

* మూడు నెలలు దాటి నిల్వ ఉన్న సిమెంటు వాడొద్దు. చేత్తో పట్టుకుంటే గడ్డలు తగిలితే పక్కన పెట్టేయండి. ఇసుకైనా రోబో శాండ్ అయినా మట్టి కలవనిదై ఉండాలి.

* కలిపిన మాలు అరగంట, ముప్పావుగంటలో వాడేయాలి. గట్టిపడిన దాంట్లో మళ్లీ నీళ్లు పోసి కలుపుతుంటే వద్దని చెప్పండి.

* కనీసం ఏడు రోజులు రోజుకు రెండు మూడుసార్లు తడపాలి. మేస్త్రీ వెళ్లిపోయాక ఈ పని మనదే. ఎక్కువ మెట్లు చెడేది ఇక్కడే.

* మొదటి మూడు రోజులు పెరటి తలుపు వాడండి. అది లేకపోతే మెట్లను సగం సగంగా రెండు విడతల్లో చేయించుకోవచ్చు.

* బేరం కుదిరేటప్పుడే 'పాత పొర కొట్టడం, చెత్త ఎత్తడం కలిపి ఎంత' అని అడగండి. అది తేల్చుకోకపోతే పాతదాని మీదే పూత పడిపోతుంది.

ఈరోజు ఆదివారం. అందరూ ఇంట్లోనే ఉంటారు. ఒక టేపు, ఒక బకెట్ నీళ్లు, ఒక రూపాయి బిళ్ల తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లండి. పిల్లల్తో ఒక్కో మెట్టు ఎత్తు కొలిపించి కాగితం మీద రాయించండి. పై మెట్టు మీద నీళ్లు పోసి ఎటు వెళ్తున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. బిళ్లతో తట్టి ఎక్కడ బోలుగా ఉందో గుర్తుపెట్టండి. చీకటి పడ్డాక మరోసారి దిగి, వెలుతురు ఎక్కడ చాలట్లేదో గమనించండి. చివరగా, అమ్మనో నాన్ననో 'మెట్లు ఎక్కడానికి ఎక్కడ ఇబ్బందిగా ఉంది?' అని అడగండి. మేస్త్రీకి చెప్పాల్సిన పనుల చిట్టాలో మొదటి పేరా వాళ్లు చెప్పిందే కావాలి.